చదువంటే శ్రద్ధ లేనిది ఎవరికి? జార్జియాలోని తెలుగు సంఘాలకు బహిరంగ లేఖ

జార్జియా రాష్ట్రంలోని తెలుగు సంఘాల అధ్యక్షులకు, కార్యదర్శులకు, కార్యవర్గ సభ్యులకు నమస్కారం.

స్కూళ్ల హద్దులు మారుస్తారన్న మాట బయటికి వచ్చినప్పటి నుంచి మన వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే టెన్షన్. ఏ సబ్‌డివిజన్ ఏ హైస్కూలుకు పోతుంది, ఆ స్కూలు రేటింగ్ ఎంత, ఇంటి ధర ఎంత పడిపోతుంది అని. అంతవరకు నాకూ అర్థమవుతుంది. నాకూ పిల్లలున్నారు, నాకూ ఇంటి లోన్ ఉంది. కానీ ఆ చర్చలో ఒక మాట పదేపదే దొర్లుతోంది: "ఆ బడిలో నల్లవాళ్లు ఎక్కువ. వాళ్లకు చదువంటే శ్రద్ధ ఉండదు." గ్రూపుల్లో అనుకుంటే సరేలే అనుకోవచ్చు. మొన్న తల్లిదండ్రుల మీటింగ్‌లో ఒకాయన మైకు పట్టుకుని మరీ అన్నారు. వేదిక మీద కూర్చున్న పెద్దల్లో ఒక్కరూ "అలా అనకండి" అనలేదు. అందుకే ఈ లేఖ ఆ మాట అన్నాయనకు రాయడం లేదు, మీకు రాస్తున్నాను.

మనలో చాలామంది పంతుళ్ల పిల్లలం. ఎస్టీయూ, యూటీఎఫ్, పీఆర్టీయూ క్యాలెండర్లు గోడకు వేలాడే ఇళ్లలో పెరిగాం. నాన్న ధర్నాకు బస్సెక్కడం, పీఆర్సీ ఎప్పుడొస్తుందా అని అమ్మ లెక్కలేసుకోవడం చూశాం. "బతకలేక బడిపంతులు" అన్న సామెతకు ఇంట్లో నవ్వినవాళ్లమే, ఉడుక్కున్నవాళ్లమే. ఉపాధ్యాయ సంఘమంటే ఏమిటో మనకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. కాబట్టి మనం కాపురాలు పెట్టుకున్న ఈ రాష్ట్రంలో, 1878లో, నల్లజాతి పంతుళ్లు పెట్టుకున్న సంఘం గురించి చెబుతాను, వినండి.

ఆ సంఘాన్ని మొదలుపెట్టిన రిచర్డ్ ఆర్. రైట్ బానిసగా పుట్టినవాడు. అంతర్యుద్ధం ముగిశాక తల్లితో కలిసి అట్లాంటా చేరి, విముక్తి పొందినవాళ్ల పిల్లల కోసం తెరిచిన స్టోర్స్ స్కూల్లో చదువుకున్నాడు. ఒకరోజు ఉత్తరాది నుంచి జనరల్ హోవర్డ్ ఆ బడికి వచ్చి, "అక్కడి పిల్లలకు మీ గురించి ఏం చెప్పమంటారు?" అని అడిగితే, ఈ కుర్రాడు లేచి "మేం పైకి లేస్తున్నామని చెప్పండి" అన్నాడు. ఆ జవాబు మీద ఒక కవి పద్యమే రాశాడు. 1876లో అట్లాంటా యూనివర్సిటీ నుంచి మొదటి బ్యాచ్‌లో డిగ్రీ తీసుకుని, రెండేళ్లకే రాష్ట్రంలోని నల్లజాతి ఉపాధ్యాయులను కూడగట్టాడు. బానిసత్వం పోయి అప్పటికి పదమూడేళ్లు. అంతకుముందు జార్జియాలో బానిసకు చదువు నేర్పడం నేరం. అలాంటి చోట, ఇంకా బళ్లే సరిగా లేని రోజుల్లో, ఉపాధ్యాయ సంఘం పుట్టింది. చదువంటే శ్రద్ధ లేనివాళ్ల పని ఇలా ఉంటుందా?

1880లో అగస్టాలో వేర్ హైస్కూలు తెరిచారు. జార్జియాలో నల్లజాతి పిల్లలకు ప్రభుత్వ డబ్బుతో నడిచిన తొలి హైస్కూలు అది. రైటే హెడ్‌మాస్టర్. 1897లో అక్కడి స్కూల్ బోర్డు డబ్బు లేదని దాన్ని మూసేసింది. తెల్లవాళ్ల హైస్కూలు మాత్రం నడుస్తూనే ఉంది. తల్లిదండ్రులు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1899లో కోర్టు బోర్డు పక్షానే తీర్పు చెప్పింది. మన డాక్టర్లు చాలామంది అగస్టాలో పనిచేశారు, చేస్తున్నారు. ఆ ఊళ్లో ఇలాంటి కేసు ఒకటి నడిచిందని వాళ్లలో ఎందరికి తెలుసో నాకు అనుమానమే.

దక్షిణాది రాష్ట్రాలన్నిటా ఇదే వరస. పన్నులు అందరి దగ్గరా వసూలు చేస్తారు. తెల్లవాళ్ల బడికి ఇటుక గోడలు, బస్సులు, కొత్త పుస్తకాలు. నల్లవాళ్ల బడికి వాళ్లు వాడి పారేసిన పాత పుస్తకాలు. కాబట్టి నల్లజాతి జనం పన్ను కట్టి, మళ్లీ చందాలు వేసుకుని సొంతంగా బళ్లు కట్టుకున్నారు. షికాగో వ్యాపారి జూలియస్ రోజెన్‌వాల్డ్ నిధి సాయంతో 1912 నుంచి 1932 దాకా కట్టిన బళ్లే దాదాపు 5,000. ఆ నిధి ఇచ్చిన మొత్తం కంటే కూలీలు, కౌలు రైతులు పోగేసిన మొత్తమే కాస్త ఎక్కువ. అంటే ఒకే చదువుకు రెండుసార్లు డబ్బు కట్టారు.

ఉపాధ్యాయుల సంగతికొస్తే, దేశమంతటికీ ఉన్న నేషనల్ ఎడ్యుకేషన్ అసోసియేషన్ 1857లో పుట్టింది. కాగితం మీద ఎవరైనా చేరవచ్చు. కానీ దక్షిణాదిలో దాని రాష్ట్ర శాఖలు నల్లవాళ్లను గడప తొక్కనివ్వలేదు. అందుకని వీళ్లు ఎక్కడికక్కడ సొంత సంఘాలు పెట్టుకున్నారు. వర్జీనియాలో 1887లో మొదలైన సంఘం పేరు చూడండి, టీచర్స్ రీడింగ్ సర్కిల్. పంతుళ్లు కలిసి పుస్తకాలు చదువుకోవడానికి కూడిన గుంపు అన్నమాట. టెక్సస్‌లో 1884లో, ఫ్లోరిడాలో 1890లో వచ్చాయి. 1904లో నాష్‌విల్‌లో అన్ని రాష్ట్రాలకూ కలిపి ఒక జాతీయ సంఘం ఏర్పడింది. అదే 1937లో అమెరికన్ టీచర్స్ అసోసియేషన్‌గా పేరు మార్చుకుంది. పత్తిచేలో పని చేసుకునే కుటుంబంలో పుట్టి, సొంతంగా బడి పెట్టి దాన్ని కాలేజీ దాకా తీసుకెళ్లిన మేరీ మెక్లియోడ్ బెథూన్ 1920లలో దానికి అధ్యక్షురాలు. ఫిబ్రవరిలో మన పిల్లలు బ్లాక్ హిస్టరీ మంత్ పోస్టర్లు అంటించి తెస్తారు కదా, దాని మూలం 1926లో నల్లజాతి చరిత్రకారుడు కార్టర్ వుడ్సన్ మొదలుపెట్టిన వారోత్సవం. దాన్ని ఊరూరా బళ్లలోకి మోసుకెళ్లింది ఈ సంఘాల పంతుళ్లే. పాఠ్యపుస్తకంలో తమ జాతి ఊసే లేదు కాబట్టి, ఆ పాఠం తామే చెప్పుకున్నారు.

ఇక జీతాల గొడవ. దీని మీద కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే పీఆర్సీ ఇళ్లలో పెరిగిన మనకు ఇది బాగా తగులుతుంది.

వర్జీనియాలోని నార్ఫోక్ ఊళ్లో ఒకే చదువు, ఒకే అనుభవం ఉన్న ఇద్దరు హైస్కూలు మాస్టర్లకు ఏడాదికి ఒకరికి 1,200 డాలర్లు, ఇంకొకరికి 921. తేడా వాళ్ల ఒంటి రంగు ఒక్కటే. ముందు ఆలీన్ బ్లాక్ అనే కెమిస్ట్రీ టీచర్ కోర్టుకెక్కింది. 1939లో బోర్డు ఆమె కాంట్రాక్టు కొనసాగించలేదు. ఉద్యోగమే లేనప్పుడు జీతం కేసు ఎక్కడిది? బోర్డు ఎత్తుగడ అదే. అప్పుడు బడిపిల్లలు రోడ్డెక్కారు. నియంతల పేర్లు రాసిన అట్ట ఒకటి పట్టుకున్నారు: హిట్లర్, ముస్సోలినీ, నార్ఫోక్ స్కూల్ బోర్డు. (1939లో, ఆ పిల్లలకు ప్రపంచ వార్తలు ఎవరు చెప్పి ఉంటారో ఊహించుకోండి.) తర్వాత నార్ఫోక్ ఉపాధ్యాయ సంఘం అధ్యక్షుడు మెల్విన్ ఆల్‌స్టన్ కేసు వేశాడు. వాదించినవాళ్లలో, తర్వాత సుప్రీంకోర్టుకు తొలి నల్లజాతి జడ్జి అయిన థర్‌గుడ్ మార్షల్ ఒకరు. కేసు వేసినవాళ్ల ఉద్యోగం ఊడితే ఆదుకోవడానికి రాష్ట్ర ఉపాధ్యాయ సంఘం ముందే నిధి పోగేసి పెట్టింది. 1940లో అప్పీలు కోర్టు, రంగును బట్టి జీతం ఇవ్వడం రాజ్యాంగానికి విరుద్ధమని తేల్చింది. సుప్రీంకోర్టు అందులో వేలు పెట్టనంది.

ఈ పద్ధతి మీరు గమనించాలి. పంతుళ్లకు జీతమిచ్చేది తెల్లవాళ్ల బోర్డు. నల్లజాతి హక్కుల కోసం కోర్టుల్లో పోరాడే జాతీయ సంస్థ ఎన్‌ఏఏసీపీలో పేరు కనిపిస్తే మర్నాడు ఉద్యోగం ఉండదు. కాబట్టి పంతులు తన సంఘానికి చందా కడతాడు, అందులో కొంత న్యాయపోరాటానికి వెళ్తుంది. బయటికి చూస్తే ఏటా ఒకసారి సభ, దండలు, ఉపన్యాసాలు, పిల్లల పాటలు. లోపల ఏ జిల్లాలో బస్సులు లేవు, ఏ బడికి కప్పు కారుతోంది, ఎవరిని వాదిగా నిలబెట్టాలి అన్న లెక్కలు. ఇక్కడ జార్జియాలో ఆ పని ఏళ్ల తరబడి నడిపినవాడు చార్ల్స్ హార్పర్. అట్లాంటాలో నల్లజాతి పిల్లలకు తొలి ప్రభుత్వ హైస్కూలు 1924లో తెరిచారు. దానికి మొదటి ప్రిన్సిపాల్ ఆయనే. మార్టిన్ లూథర్ కింగ్ కూడా ఆ బడి విద్యార్థే. బుకర్ టి. వాషింగ్టన్ హైస్కూలు పేరుతో అది ఇప్పటికీ నడుస్తోంది.

అన్నిచోట్లా ఇంత తేలిగ్గా పోలేదు. ఫ్లోరిడాలో హ్యారీ టి. మూర్, హ్యారియెట్ మూర్ అనే దంపతులు ఇద్దరూ టీచర్లు. 1938లో ఫ్లోరిడా ఉపాధ్యాయ సంఘం అండతో హ్యారీ ఒక జీతాల కేసు వేయించాడు. దక్షిణాది నడిబొడ్డు రాష్ట్రాల్లో (డీప్ సౌత్‌లో) అలాంటిది అదే మొదలు. 1946లో ఇద్దరి ఉద్యోగాలూ పీకేశారు. అయినా ఓటరు నమోదు పని మానలేదు. 1951 క్రిస్మస్ రాత్రి, వాళ్ల పెళ్లయి సరిగ్గా పాతికేళ్లు నిండిన రోజు, పడకగది కింద బాంబు పెట్టారు. ఆసుపత్రికి తీసుకెళ్తుండగా హ్యారీ పోయాడు. తొమ్మిది రోజులకు హ్యారియెట్ పోయింది. ఈ హత్యలకు ఇప్పటిదాకా ఎవరికీ శిక్ష పడలేదు.

దక్షిణ కరోలినాలో 1944లో జీతాలు సమానం చేయాలని కోర్టు చెప్పింది. మరుసటి ఏడాదే రాష్ట్రం కొత్త లెక్క తెచ్చింది. ఇకపై జీతం నేషనల్ టీచర్ ఎగ్జామ్ మార్కుల్ని బట్టి అంది. రంగు పేరెత్తకుండా పాత తేడా చాలావరకు అలాగే నిలబెట్టే ఉపాయం అది. ఎంసెట్ ర్యాంకుల మధ్య పెరిగిన మనకు పరీక్ష అనగానే న్యాయం అనిపిస్తుంది. స్కూలు రేటింగ్ అంకెను చూడగానే కూడా అలాగే అనిపిస్తుంది. ఆ అంకె వెనక ఎన్నేళ్ల లెక్క ఉందో ఎవరూ అడగరు.

అదే రాష్ట్రంలో 1956లో, ప్రభుత్వోద్యోగులు ఎన్‌ఏఏసీపీ సభ్యులు కాకూడదని చట్టం చేశారు. దశాబ్దాలుగా పాఠాలు చెబుతున్న సెప్టిమా క్లార్క్ తన సభ్యత్వం దాచనంది. ఉద్యోగం పోయింది, పెన్షన్ కూడా పోయింది. ఆ చట్టాన్ని ఎదిరిద్దాం రమ్మని తోటి టీచర్లకు ఆమె 726 ఉత్తరాలు రాసింది. జవాబిచ్చినవాళ్లు 26 మంది. ఎలోరీ అనే చిన్న ఊళ్లో మాత్రం 21 మంది టీచర్లు ఫారం మీద ఎన్‌ఏఏసీపీ గురించిన ప్రశ్నలకు జవాబు చెప్పమని తెగేసి చెప్పి ఉద్యోగాలు వదులుకున్నారు.

వీళ్లందరూ వీరులని నేను చెప్పడం లేదు. ఆ 700 మంది మౌనాన్ని తప్పుపట్టే అర్హత నెలనెలా ఈఎంఐ కట్టే నాకు లేదు. సంఘాల్లో పెత్తనం ఎక్కువగా ప్రిన్సిపాళ్లదీ కాలేజీ ప్రెసిడెంట్లదీ. సభ్యుల్లో ఆడవాళ్లే ఎక్కువ, పదవుల్లో మాత్రం మగవాళ్లు. ఇది మన సంఘాల్లో చాలామందికి బాగా పరిచయమున్న దృశ్యమే, ఇంతకంటే చెప్పను. అమెరికన్ టీచర్స్ అసోసియేషన్‌ను ఏళ్లపాటు నడిపిన హెచ్. కౌన్సిల్ ట్రెన్‌హోమ్ అలబామా స్టేట్ కాలేజీకి ప్రెసిడెంట్ కూడా. 1960లో అక్కడి విద్యార్థులు మాంట్‌గొమరీ కోర్టుహౌస్ క్యాంటీన్‌లో బైఠాయిస్తే, గవర్నర్ ఒత్తిడికి తలొగ్గి తొమ్మిది మందిని బయటికి పంపాడు. జీవితమంతా సంఘం కట్టిన మనిషే. రాష్ట్రం ఇచ్చే డబ్బుతో నడిచే కాలేజీని కాపాడుకోవాలనుకున్నాడు. ఆయన్ను ద్రోహి అనడం తేలిక, అనకుండా ఉండటమూ కష్టమే.

1954లో సుప్రీంకోర్టు తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ వేరు బళ్లు చెల్లవంది. గెలిచారు కదా, ఇక కథ సుఖాంతం అనుకుంటాం. ఇక్కడే అసలు దెబ్బ తగిలింది. పిల్లల్ని కలపమన్నారు, కలిపారు. కలిపేటప్పుడు మూతపడింది ఎక్కువగా నల్లవాళ్ల బడి. ప్రిన్సిపాల్‌గా చేసినవాడు వైస్ ప్రిన్సిపాల్ అయ్యాడు, లేదా బస్సుల లెక్క చూసే గుమాస్తా అయ్యాడు. మిస్సోరీలోని మోబర్లీలో 1955లో రెండు బళ్లు కలిపి, నల్లజాతి టీచర్లు 11 మందినీ ఇంటికి పంపేశారు. వాళ్లు కోర్టుకు వెళ్లి ఓడిపోయారు. 1954 నుంచి 1965 లోపల 17 దక్షిణాది, సరిహద్దు రాష్ట్రాల్లో ఉద్యోగాలు పోయిన నల్లజాతి టీచర్లు, ప్రిన్సిపాళ్లు దాదాపు 38,000 మంది. వీళ్లలో మాస్టర్స్ డిగ్రీలున్నవాళ్లు ఎందరో. తమ రాష్ట్ర యూనివర్సిటీ రానివ్వకపోతే సెలవుల్లో న్యూయార్క్ దాకా రైల్లో వెళ్లి చదివి వచ్చినవాళ్లు. ఒక నల్లజాతి ఊళ్లో బ్యాంకు మేనేజర్, తహసీల్దారు ఉండేవారు కాదు. చదువుకున్న మనిషి అంటే టీచరే. ఆ మనిషిని తీసేసి, "ఈ పిల్లలకు చదువంటే శ్రద్ధ లేదేమిటి" అని అడగడం ఎలాంటి న్యాయం?

సంఘాల విలీనం కూడా అలాగే జరిగింది. నేషనల్ ఎడ్యుకేషన్ అసోసియేషన్ 1964లో తీర్మానం చేసి, రాష్ట్రాల్లోని తెల్లవాళ్ల, నల్లవాళ్ల జంట సంఘాలు 1966 జూలైకల్లా ఒకటి కావాలంది. 1966లో మయామీ బీచ్‌లో జాతీయ సంఘాలు రెండూ కలిశాయి. మిసిసిపీ, లూసియానాల్లో మాత్రం 1970ల రెండో సగం దాకా సాగింది. 1968లో ఎలిజబెత్ డంకన్ కూంట్స్ మొత్తం జాతీయ సంఘానికి తొలి నల్లజాతి అధ్యక్షురాలైంది. అది చిన్న విషయమేం కాదు. కానీ చాలా రాష్ట్రాల్లో కలవడమంటే చిన్న సంఘం తన ఆఫీసు, పత్రిక, కార్యదర్శి ఉద్యోగం వదులుకుని పెద్ద సంఘంలో సభ్యత్వ కార్డు తీసుకోవడమే.

మన జార్జియాలో ఆ బేరం ఆడినవాడు హోరేస్ టేట్. ఎల్బర్టన్ ఊరివాడు. టీచరుగా, ప్రిన్సిపాల్‌గా చేసి, 1961లో యూనివర్సిటీ ఆఫ్ కెంటకీ నుంచి డాక్టరేట్ తీసుకున్నాడు. సొంత రాష్ట్రం తన యూనివర్సిటీలో సీటివ్వకుండా, నల్లజాతి విద్యార్థులకు డబ్బిచ్చి బయటి రాష్ట్రాలకు పంపించే రోజులవి. అదే ఏడాది జార్జియా టీచర్స్ అండ్ ఎడ్యుకేషన్ అసోసియేషన్‌కు కార్యదర్శి అయ్యాడు. రైట్ పెట్టిన సంఘమే పేరు మార్చుకుంటూ అక్కడిదాకా వచ్చింది. కలిస్తే తమవాళ్ల ఉద్యోగాలు, పదవులు ఏమవుతాయో తేల్చకుండా కలవనని టేట్ పట్టుబట్టాడు. చివరికి 1970లో తెల్లవాళ్ల సంఘంతో కలిశారు, ఇప్పుడున్న జార్జియా అసోసియేషన్ ఆఫ్ ఎడ్యుకేటర్స్ అలా ఏర్పడింది. 1977లో ఆయనే దానికి సారథి అయ్యాడు, రాష్ట్ర సెనేటర్‌గానూ పనిచేశాడు. 2002లో మరణించాడు. మనలో చాలామంది ఈ రాష్ట్రానికి వచ్చేసరికి ఆయన బతికే ఉన్నాడు.

ఇప్పుడు మనవైపు చూసుకుందాం. 1964లో పౌరహక్కుల చట్టం వచ్చింది. మరుసటి ఏడాది, ఆ పోరాటం వేడి చల్లారకముందే, వలస చట్టం మారింది. మన పెద్దలు ఈ దేశంలో అడుగుపెట్టింది ఆ తలుపులోంచే. మనవాళ్లు పోటీపడి ఇళ్లు కొంటున్న ఫోర్సైత్ కౌంటీ నుంచి 1912లో వెయ్యిమందికి పైగా నల్లజాతి వాళ్లను, అంటే దాదాపు ఉన్నవాళ్లందరినీ, బెదిరించి తరిమేశారు. ఆ తర్వాత డెబ్బై ఎనభై ఏళ్లపాటు అక్కడ నల్లవాళ్లు దాదాపుగా లేరు. "ఇక్కడ స్కూళ్లు ముందునుంచీ బాగుంటాయండీ" అని రియల్టర్ చెబితే మనం తలూపాం. ఈ దేశంలో ప్రభుత్వ బడి టీచర్లలో నల్లజాతి వాళ్లు ఇవాళ వందకు ఆరుగురు. మన పిల్లల్లో కొందరు ఒక్క నల్లజాతి టీచర్ దగ్గరా చదవకుండానే హైస్కూలు పూర్తి చేస్తున్నారు. ఆ ఖాళీ ఎలా వచ్చిందో పైన చెప్పాను.

మీ నుంచి నేను కోరేది పెద్దదేమీ కాదు. ఏటా సెప్టెంబరులో గురుపూజోత్సవం చేస్తారు, శాలువాలు కప్పుతారు. ఈసారి శాలువా ఒకటి విడిబడుల కాలంలో పనిచేసి రిటైరైన నల్లజాతి టీచర్‌కు కప్పండి. వాళ్లు ఎనభైలు, తొంభైలలో ఉన్నారు, ఆలస్యం చేస్తే మిగలరు. శాలువా కప్పి ఫొటో దిగి పంపేయకుండా, అరగంట మైకు ఆమెకే వదిలేయండి. డాన్స్ ఐటమ్ ఒకటి తగ్గితే ఎవరూ అలగరు, అలిగినా నేను సర్దిచెబుతాను. వీసా మీద వచ్చి దక్షిణాది బళ్లలో లెక్కలూ సైన్సూ చెబుతున్న తెలుగు టీచర్లను కూడా ఆ రోజు పిలవండి. వాళ్లు నిలబడే తరగతి గదుల్లో అంతకుముందు ఎవరు నిలబడ్డారో, ఎందుకు లేకుండా పోయారో వాళ్లకు తెలియాలి.

శనివారం తెలుగు క్లాసుల పిల్లల్ని ఒకసారి కాస్‌విల్ తీసుకెళ్దాం. 1923లో కట్టిన నోబుల్ హిల్ రోజెన్‌వాల్డ్ బడి అక్కడ మ్యూజియంగా ఉంది. పులిహోర డబ్బాలు కట్టుకుని వెళ్తే పిక్నిక్ కూడా అయిపోతుంది. అట్లాంటాలో ఆబర్న్ అవెన్యూ రీసెర్చ్ లైబ్రరీ ఉంది. హైస్కూలు పిల్లలు హిస్టరీ ప్రాజెక్టుకు టాపిక్ దొరక్క తంటాలు పడుతుంటారు కదా, వాళ్లను అక్కడికి పంపండి.

ఇంకొకటి. స్కూళ్ల హద్దుల మీద మళ్లీ మీటింగ్ పెడతారని విన్నాను. రేటింగుల గురించి, ఇళ్ల ధరల గురించి ఎంతైనా మాట్లాడుకోనివ్వండి. ఆ పాత మాట మళ్లీ ఎవరైనా మైకులో అంటే, సభాధ్యక్షులు అక్కడికక్కడే ఆపాలి. ఆపుతామని కార్యవర్గం ముందే తీర్మానం రాసి, మినిట్స్ పుస్తకంలో ఎక్కించి, సభ్యులందరికీ మెయిల్ చేయండి. సెప్టెంబరు కార్యక్రమానికి స్లైడ్లు నేను చేస్తాను, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ. టీచర్లను వెతికి, మాట్లాడి, ఇంటి నుంచి కారులో తీసుకొచ్చి దింపే పని కూడా నాదే. తేదీ, హాలు మీరు చెప్పండి.

ఇట్లు,
ఏళ్లుగా మీ సంఘానికి చందా కడుతున్న ఒక సభ్యురాలు,
ఆల్ఫరెట్టా, జార్జియా